ఊదారంగు వెనుకనున్న నత్త: లూదియ వర్తకము మొదలు చక్రవర్తుల శాసనముల వరకు

అపొస్తలుల కార్యములు 16:14లో లూదియ "ఊదారంగు పొడి" అమ్ముకొనేదని మన తెలుగు బైబిలు చెబుతున్నది. మూల గ్రీకులో పొడి అనే మాట లేదు. అక్కడ ఉన్నది ఒకే పదము: పోర్ఫురోపోలిస్. పోర్ఫురా అనునది ఒక సముద్రపు నత్త పేరు. ఆ నత్తనుండి తీసిన రంగును, ఆ రంగు వేసిన బట్టను కూడా అదే పేరుతో పిలిచారు. పోలిస్ అనగా ఇక్కడ పట్టణము కాదు, అమ్మే స్త్రీ. మన అంగళ్లలో పసుపు, కుంకుమ, నీలిమందు అన్నీ పొడిగానే దొరుకుతాయి గనుక "పొడి" అన్న అనువాదము మన చెవికి సహజముగానే వినబడుతుంది. అయితే ఆ పొడి చాటున నత్త మరుగైపోయినది. నత్తతోబాటు దానిని పట్టినవారు, పగులగొట్టినవారు, ఆ కంపులో నిలబడి ఉన్నిని ముంచినవారు కూడా మరుగైపోయారు.

ఊదారంగు అనగానే "రాజరికమునకు గుర్తు" అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగిపోవడము మన ప్రసంగములలో అలవాటు. ఆ మాట అబద్ధము కాదు. కాని అది తొడుగుకొన్నవాని వైపునుండి చెప్పిన మాట. చేసినవారి వైపునుండి చూస్తే ఈ రంగు చరిత్ర ఎలా ఉంటుంది, ఆ చరిత్రలో సంఘము ఎప్పుడు ఏ వైపున నిలిచినది అన్నదే ఈ వ్యాసములోని ప్రశ్న.

నత్త, గుల్ల, గ్రంథి

ప్రాచీనులు ఈ రంగుకు వాడినవి మధ్యధరా సముద్రములోని మ్యూరెక్స్ కుటుంబపు నత్తలు. వాటిలో ముఖ్యమైనవి మూడు జాతులు. బోలినస్ బ్రాండారిస్ అనే జాతి గుల్ల చూడ ముచ్చటగా ఉంటుంది. గుండ్రని బొజ్జ, దాని చుట్టూ వరుసలుగా ముండ్లు, క్రిందికి సాగిన పొడవైన గొట్టము. గద బొమ్మను ముండ్లతో చెక్కినట్టుగా ఉంటుందన్నా తప్పులేదు. హెక్సాప్లెక్స్ ట్రంకులస్ గుల్ల దానికన్న మందము. బొడిపెలు, గట్లు, లేతరంగు మీద గోధుమరంగు పట్టెలు దాని గుర్తులు. మూడవది స్ట్రమొనీటా హీమస్టోమా. మన తూర్పు తీరములో కూడా ఈ కుటుంబపు నత్తలు ఉన్నాయి. మన పిల్లలు వాటి ముండ్ల గుల్లలను ఏరుకొని అలంకారముగా దాచుకొంటారు. తూరువారికి మాత్రము ఆ అందమైన గుల్ల పారవేసే చెత్త. వారికి కావలసినది లోపల దాగియున్న ఒక చిన్న గ్రంథి. ఆ గ్రంథిలోని ద్రవమునకు మొదట రంగే ఉండదు. గాలి, వెలుతురు తగిలినప్పుడు అది పసుపై, ఆకుపచ్చయై, నీలమై, చివరకు ఊదాగా మారుతుంది.

ఈ పనిని ప్లినీ అనే రోమా రచయిత తన ప్రకృతి చరిత్ర 9వ గ్రంథములో వివరించాడు. ఆయన చనిపోయినది క్రీ.శ. 79లో, అనగా ఇంచుమించు అపొస్తలుల కాలపు మనిషి. ఈ నత్తలు ఇతర గుల్లజీవులను వేటాడి తింటాయి. అందుచేత బుట్టలలో ఎరగా గుల్లచేపలు పెట్టి సముద్రములోనికి దింపేవారు. ఎరను తినవచ్చిన నత్తలు బుట్టతోపాటు పైకి వచ్చేవి. పెద్దవాటి గుల్ల తొలగించి గ్రంథిని తీసేవారు. చిన్నవాటిని గుల్లతో సహా చితుకగొట్టేవారు. దానిని మూడు దినములు ఉప్పులో ఊరబెట్టి, సీసపు పాత్రలలో నీరు పోసి, దూరముగా మంట పెట్టి, గొట్టము గుండా వేడి తగిలేటట్లు సన్నని సెగమీద ఉంచేవారు. పైకి తేలిన మాంసపు తునకలను తీసివేస్తూ ఉండేవారు. పదవ దినము ప్రాంతములో ఉన్నిని ముంచి రంగు పరీక్షించేవారు. అన్నిటికన్న మేలైన రంగు గడ్డకట్టిన రక్తము వలె ఉంటుందనీ, చూడగానే నల్లగా తోచి, వెలుతురుకు పట్టితే మెరుస్తుందనీ ప్లినీ చెప్పాడు. పాత నిబంధనలో మన అనువాదకులు ఈ రంగుకు "ధూమ్రము" అనే పదము వాడారు. పొగ ఛాయ అని అర్థమిచ్చే ఆ మాట, ప్లినీ వర్ణించిన నల్లని ఊదాకు నేటి మన ఊదారంగు కంటె దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయము.

పది దినములు సన్నని వేడిలో మాంసము కుళ్లుతూ ఉంటే ఆ వాసన ఎట్టిదో ఊహించుకొనవచ్చును. భూగోళ రచయిత స్ట్రాబో తూరును గూర్చి వ్రాస్తూ, రంగుల కార్ఖానాలు అధికమగుటచేత ఆ పట్టణము నివసించుటకు ఇంపుగా లేదనీ, అయితే ఆ పనివల్లనే అది ధనవంతమైనదనీ చెప్పాడు. ఒకే కారణమువలన ఐశ్వర్యము, దుర్గంధము రెండూ! ఎంత నత్తకు ఎంత రంగు వస్తుందో పౌల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 1909లో తేల్చి చూపాడు. ఆయన 12,000 బ్రాండారిస్ నత్తలనుండి తీయగలిగిన శుద్ధమైన రంగు 1.4 గ్రాములు మాత్రమే. క్రీ.శ. 301లో డయొక్లెషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనములో ఊదారంగు ఉన్ని పౌను 50,000 దేనారములు, ఊదారంగు పట్టు పౌను 1,50,000 దేనారములు. అదే శాసనములో వ్యవసాయ కూలికి దినమునకు భోజనముతో 25 దేనారములు. లెక్క వేస్తే ఒక పౌను ఊదా పట్టు ఆరు వేల దినముల కూలి.

తూరు, ఇశ్రాయేలు, నీలిసూత్రము

ఈ విద్య ఫేనీకేవారే కనిపెట్టారని మనము చదువుకొన్నాము గాని, వారికి ముందే క్రేతు ద్వీపములో నత్తరంగు పని జరిగినట్లు అక్కడ దొరికిన చితుకగొట్టిన గుల్లల రాసులు సాక్ష్యమిస్తున్నాయి. అయినను పేరు మాత్రము తూరుదే. తూరు తన వెండి నాణెములమీద నత్తగుల్లను ముద్రించుకొన్నది. సీదోనులో ట్రంకులస్ గుల్లలే ఒక దిబ్బగా పేరుకొనిపోయాయి. దేవాలయము కట్టించబోయిన సొలొమోను, ఊదారంగు పని తెలిసిన వానిని పంపుమని తూరు రాజును అడిగాడు (2 దినవృత్తాంతములు 2:7). యెహెజ్కేలు 27వ అధ్యాయములోని తూరు విలాపమును జాగ్రత్తగా చదివితే, తూరు కూడా ఎలీషా ద్వీపములనుండి నీల ధూమ్ర వర్ణములను తెప్పించుకొన్నట్లు కనబడుతుంది (7వ వచనము). రంగుకు రాజధానియైన పట్టణమే బయటనుండి కొనవలసి వచ్చినదంటే ఆ గిరాకీ ఎంతటిదో!

ఇటీవలి త్రవ్వకములు ఈ చిత్రమును మరికొంత స్పష్టము చేశాయి. దక్షిణ ఇశ్రాయేలు ఎడారిలో తిమ్నా రాగి గనులయొద్ద దొరికిన ఉన్ని పోగులలో నత్తరంగు ఉన్నదనీ, అవి ఇంచుమించు క్రీ.పూ. 1000 నాటివనీ 2021లో పరిశోధకులు ప్రకటించారు. అది దావీదు సొలొమోనుల కాలము. హైఫా యొద్దనున్న తేల్ షిక్మోనాలో ఊదా రంగు మరకలతో కూడిన పెద్ద మట్టి తొట్ల ముక్కలు దొరికాయి. వాటినిబట్టి అక్కడ కొన్ని శతాబ్దములపాటు పెద్ద ఎత్తున రంగుపని జరిగినదని 2025లో ఒక పరిశోధన ప్రచురితమైనది. కొంతకాలము ఆ స్థలము ఇశ్రాయేలు ఉత్తర రాజ్యము చేతిలో ఉన్నదని త్రవ్వినవారి అభిప్రాయము.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రెక్కలును పొలుసులును లేని జలచరములు ఇశ్రాయేలీయులకు హేయములు (లేవీయకాండము 11:9-12). నత్త ఆ లెక్కలోనిదే. అయినను ప్రధానయాజకుని ఏఫోదులో, ప్రత్యక్షగుడారపు తెరలలో ధూమ్రము, నీలము ఉన్నాయి. నిషేధము తినుటకు సంబంధించినదేగాని రంగుకు కాదని జవాబు చెప్పవచ్చును, అది సరియైన జవాబే. కాని భోజనపు బల్లమీదికి రాకూడని జీవి అతిపరిశుద్ధ స్థలపు తెరలోనికి వెళ్లినది అన్న సంగతి ప్రసంగీకుడు కాసేపు ఆగి ఆలోచించదగినది.

నీలము కూడా నత్తనుండే వచ్చినది. సంఖ్యాకాండము 15:38లో వస్త్రపు కుచ్చులకు కట్టమన్న నీలిసూత్రమును హెబ్రీలో తెఖేలెత్ అంటారు. అది హిల్లజోన్ అనే సముద్రజీవినుండి రావలెనని యూదా రబ్బీల బోధ. కాలక్రమమున ఆ జీవి ఏదో మరచిపోయారు, సూత్రము లేకుండ తెల్లని కుచ్చులే మిగిలాయి. 19వ శతాబ్దములో పోలండు దేశపు రద్జిన్ రబ్బీ గెర్షోన్ హెనోఖ్ లైనర్ ఒక కటిల్ ఫిష్ నుండి నీలము తీయించాడు. తరువాత ఐర్లండులోను, ఆ పిదప ఇశ్రాయేలులోను ప్రధాన రబ్బీగా ఉన్న ఐజాక్ హెర్జోగ్ దానిని పరీక్షింపజేయగా, ఆ నీలము చేపదికాదు, రసాయనములది అని తేలినది. హెర్జోగ్ 1913లో లండను విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత గ్రంథమే ఈ విషయముమీద. ట్రంకులస్ నత్త మీదికి ఆయన అనుమానము పోయినది గాని, దానినుండి వచ్చేది ఊదాయే గాని నీలము కాదు గదా అన్నచోట ఆయన ఆగిపోయాడు. 1980 దశకములో ఓటో ఎల్స్‌నర్ అనే ఇశ్రాయేలు రసాయన శాస్త్రవేత్త దీనికి సమాధానము కనుగొన్నాడు. తొట్టిలో కరిగియున్న ట్రంకులస్ రంగుపై ఎండ పడితే అది నీలముగా మారుతుంది.

ఆ నీలము ఏమిటి? మన దేశపు నీలిమందు మొక్కలో ఉన్న పదార్థమే! అణువుకు అణువు ఒకటే. ప్లినీ కాలమునకే మన దేశపు నీలిమందు "ఇండికము" అన్న పేరుతో రోమాకు చేరుతూ ఉన్నది. నత్తనీలముతో పోల్చితే చెట్టునీలము ఎంతో చవుక. తల్ముదులో (బావా మెత్సియా 61బి) ఒక హెచ్చరిక ఉన్నది. కలా ఇలాన్ అనే చెట్టునీలమును వేసి ఇది నిజమైన తెఖేలెత్ అని చెప్పేవానికి దేవుడే తీర్పు తీరుస్తాడు అన్నది దాని సారము. కలా ఇలాన్ అనగా నీలిమందే అని సాధారణముగా పండితులు గుర్తిస్తారు. కంటికి తేడా తెలియని మోసము అది. వాటి తేడా పట్టే పరీక్షలను తల్ముదు వేరొకచోట చెప్పినది గాని, నేటి రసాయన శాస్త్రము దృష్టిలో ఆ రెండు నీలములకు మూలపదార్థము ఒకటే. పొలములో పండినదా, సముద్రములో పుట్టినదా అన్నది అమ్మేవాని మాటమీద, నిజముమీద ఆధారపడినది.

లూదియ ఏ వైపు?

ఇప్పుడు లూదియ యొద్దకు తిరిగి వద్దాము. ఆమె స్వస్థలమైన తుయతైర, నేటి తుర్కియేలోని అక్‌హిసార్, సముద్రపు ఒడ్డున లేదు. అక్కడ రంగులు వేయువారి సంఘము ఉన్నట్లు శిలాశాసనములు ఉన్నాయి. ఆ ప్రాంతమున మంజిష్ఠ వేరుతో ఎరుపు రంగు వేసే విద్య ప్రసిద్ధి. అందుచేత లూదియ అమ్మినది నత్తరంగు కాదు, వేరురంగు వేసిన చవుక ఊదాబట్ట అని కొందరు పండితులు వాదిస్తారు. అది అసాధ్యమేమీ కాదు. నత్తరంగే అయినా ఆమె వర్తకురాలు గాని తొడిగే రాణి కాదు. ఈ వర్తకము ఎంత ప్రమాదములో ఉండేదో చూపే ఒక సంగతిని సుయెటోనియస్ తన నీరో చరిత్రలో చెప్పాడు. నీరో కొన్ని ఊదా రంగులను నిషేధించి, సంతదినమున కొద్దిపాటి రంగు అమ్మమని తన మనిషినే రహస్యముగా పంపి, ఆ నెపముతో వర్తకుల దుకాణములన్నీ మూయించాడు. పౌలు ఫిలిప్పీకి వెళ్లిన కొన్ని సంవత్సరములకే నీరో సింహాసనమెక్కినది.

స్త్రీల ఆదివారమున మన సంఘములలో లూదియను "ధనవంతురాలైన వ్యాపారి" అని పరిచయము చేయడము వాడుక. ఆమెకు ఇల్లు ఉన్నది, ఇంటివారు ఉన్నారు, అతిథులను చేర్చుకొనే శక్తి ఉన్నది. అంతవరకు వాక్యము చెబుతున్నది. కాని రోమా శాసనములలో కనబడే ఊదావర్తకులలో అనేకులు దాస్యమునుండి విడుదలైనవారు. "లూదియ" అనునది లూదియ దేశపు స్త్రీ అని అర్థమిచ్చే పేరు, అటువంటి దేశనామములు దాసులకు తరచుగా పెట్టేవారు. బ్రెజిల్ దేశపు పండితురాలు ఇవోని రిక్టర్ రైమర్, అపొస్తలుల కార్యములలోని స్త్రీలనుగూర్చి 1992లో జర్మన్ భాషలో ప్రచురించిన గ్రంథములో, ఈ వృత్తికి సమాజములో ఉన్న చిన్నచూపును బలముగా ఎత్తి చూపింది. ఆమె వాదములోని ప్రతి మెట్టుతో నేను ఏకీభవించను. లూదియ దాసి అని లూకా చెప్పలేదు. అయినను ఆ స్త్రీని సౌధములో కూర్చోబెట్టి ప్రసంగించడము కంటె, చేతులకు రంగు, బట్టలకు వాసన అంటిన పనివారి నడుమ నిలబెట్టడము లూకా వృత్తాంతమునకు దగ్గర అనుకొంటాను. అదే గ్రంథములో పేతురు యొప్పేలో బస చేసినది కూడా చర్మకారుడైన సీమోను ఇంట (9:43).

తెలుగు సంఘ చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త మాట కాదు. 1866లో ఒంగోలు ప్రాంతమున బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు. తోళ్ల బేరమునకు ఊరూరు తిరిగే ఆ మనిషి ద్వారానే మాదిగ పల్లెలకు సువార్త చేరినది. 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. వాసనగల వృత్తిని ఊరు వెలివేసినప్పుడు, ఆ వృత్తి దారులవెంటనే వాక్యము నడచినది.

పెద్ద, డీకను, పుట్టుకతో కట్టుబడినవారు

లూదియ తరువాత రెండున్నర శతాబ్దములకు మరల సంఘము పేరు ఊదారంగుతో కలిసి వినబడుతుంది. అంతియొకయలో దొరొథెయు అనే పెద్ద ఉండేవాడు. పుట్టుకతోనే నపుంసకుడు, హెబ్రీ భాష చక్కగా ఎరిగినవాడు. ఆయన సంఘములో లేఖనములను వివరించగా తాను విన్నానని యూసేబియస్ తన సంఘ చరిత్రలో (7:32) సాక్ష్యమిస్తున్నాడు. చక్రవర్తి ఆయనను ఆదరించి తూరులోని ఊదారంగు కార్ఖానాపై అధికారిగా నియమించాడు. సంఘపెద్ద ఒక ప్రభుత్వ కార్ఖానా అధికారి! అమ్మేదానినుండి అజమాయిషీ చేసేవానికి, సంఘము ఒక మెట్టు ఎక్కినది.

అదే తూరులో, క్రీ.శ. 354 ప్రాంతమున, మరొక సంగతి జరిగినది. రాజవస్త్రమొకటి రహస్యముగా నేయించబడినదనీ, దానిని ఎవరో సింహాసనము ఆశించి చేయించారనీ వదంతి పుట్టినది. అప్పటికే ఊదావస్త్రము నేయించుట అనగా రాజద్రోహము. గాల్లస్ కైసరు అధికారులు విచారణ మొదలుపెట్టి మారాస్ అనే ఒక క్రైస్తవ డీకనును పట్టి తెచ్చారు. తూరు నేతశాల మేస్త్రికి పని త్వరగా ముగించుమని ఆయన గ్రీకులో వ్రాసిన ఉత్తరము దొరికినది. ఏ పనియో అందులో లేదు. చచ్చేంతగా హింసించినను ఆయన నోట ఒప్పుకోలు రాలేదు. దీనిని వ్రాసిన అమ్మియానస్ మార్కెల్లినస్ క్రైస్తవుడు కాడు, గనుక సంఘమును పొగడుటకు వ్రాసినది కాదు. చక్రవర్తి ఆ కాలమున క్రైస్తవుడే, కొన్‌స్టాంటైను కుమారుడు కొన్‌స్టాంటియస్. క్రైస్తవ రాజ్యములో ఒక డీకను ఒక బట్ట నిమిత్తము హింసల పాలైనాడు.

అంతటితో ఆగలేదు. థియొడోసియన్ చట్టసంహిత 438లో ప్రకటించబడినది. దాని 10వ గ్రంథములోని 20వ అధికరణము నత్తలు పట్టేవారిని గూర్చినది. లాటినులో వారిని మురిలెగులి అనేవారు. ఆ పనిలో పుట్టినవాడు ఆ పనినుండి వెళ్లకూడదు. తల్లి మాత్రమే ఆ కులమువారైనను, తండ్రి ఎవరైనను, పిల్లలు తల్లి వృత్తికే కట్టుబడవలెను. వేరే హోదాకు ఎక్కినవానిని వెనుకకు లాగి తేవలెను. కులము అనే మాట నేను వాడినది ఊరకనే కాదు. పుట్టుకతో వృత్తి, వృత్తితో బంధకము, ఇది మన దేశములో మాత్రమే పుట్టిన రోగము కాదు. ఆ చట్టముమీద సంతకము చేసినవారు ఆదివారమున ప్రభు బల్లయొద్దకు వచ్చిన చక్రవర్తులు. లూదియ ఇంట కూడుకొన్న సంఘము మతముగా రాజ్యమునెక్కినప్పుడు, ఆ రంగు తీసినవాని మెడకు కాడి ఇంకా బిగిసినది.

అప్పటి సంఘపెద్దలలో ఎవరికీ ఇది తట్టలేదా? యెరోము 384లో యూస్టోకియము అనే కన్యకకు వ్రాసిన పత్రికలో, ఊదారంగు చర్మపత్రములమీద బంగారు అక్షరములతో లేఖనములు వ్రాయించుకొని, తలుపునొద్ద నగ్నముగా చనిపోతున్న క్రీస్తును విడిచిపెట్టేవారిని గద్దించాడు. ఆయన గద్దింపు తొడిగేవారికి, కొనేవారికి. నత్తను పట్టేవానిని గూర్చి ఆయన కూడా మాటాడలేదు. అటువంటి ఊదా సువార్త ప్రతులలో ఒకటైన రొస్సానో ప్రతిని ఇటీవల పరీక్షించగా అందులోని ఊదా నత్తది కాదు, ఒక విధమైన రాతిపాచినుండి తీసినది అని తేలడము కొసమెరుపు.

పని ఆగిపోవుట

ఊదారంగు పరిశ్రమ సామ్రాజ్యముతో బ్రతికి సామ్రాజ్యముతోనే పోయినది. 1453లో కాన్‌స్టాంటినోపులు తురుష్కుల వశమయ్యే నాటికి ఈ విద్య తెలిసిన కార్ఖానాలు లేవు. 1464లో పోపు రెండవ పౌలు కార్డినళ్ల అంగీలకు ఇచ్చిన "కార్డినలు ఊదా" నిజానికి కెర్మెస్ అనే పురుగునుండి తీసిన ఎరుపు. శ్రమల కాలములో బలిపీఠముమీద ఊదావస్త్రము పరిచే మన సంఘములలో నేడు వాడేది కృత్రిమ రంగు. దానికి నత్తతో సంబంధము లేదు. సైనికులు యేసునకు తొడిగినది మార్కు, యోహానులు చెప్పినట్లు ఊదా, మత్తయి చెప్పినట్లు ఎరుపు. రోమా సైనికుని పాత అంగీ మీద ఆ వెక్కిరింపు రాజవస్త్రము నిలిచినదని పలువురు వ్యాఖ్యాతల తలంపు. ఆ ఊదా నత్తది అయి ఉండదు.

పుస్తకములలో మరచిపోయిన రంగును తిరిగి కనుగొన్నది ఒక ఓడరేవులో. ఆన్రి ద లకాజ్ ద్యూతియే అనే ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త 1858లో మినోర్కా ద్వీపములోని మావోన్ రేవున ఉండగా, ఒక జాలరి నత్తను పగులగొట్టి దాని జిగురుతో తన చొక్కామీద గుర్తు పెట్టుకొనుట చూశాడు. ఆ జాలరికి ప్లినీ తెలియదు, తూరు తెలియదు. గీత మొదట పసుపుగా ఉన్నది. ఎండ తగిలేకొలది ఊదాగా మారినది, దానితోపాటు ఆ పాత దుర్గంధమును లేచినది. శాస్త్రవేత్త ఆ జాలరిచేతనే కొన్ని గీతలు గీయించుకొని, నత్తలను ఏరుకొని, ప్రాచీనులు వాడిన మూడు జాతులను గుర్తుపట్టే పనికి పూనుకొన్నాడు.